గొర్రెల మందతో లోపలికి వచ్చిన కోడలు

జనవరి 27

దాణా కంపెనీ వాళ్ళిచ్చిన డైరీలు దుకాణంలో మిగిలిపోయాయని ఆయన ఒకటి తెచ్చి నాకిచ్చారు. "పాల లెక్క రాసుకో" అన్నారు. మన బర్రె మనకిచ్చే పాలకు లెక్కేమిటి? అందుకే ఇలా రాస్తున్నాను. ఏడో తరగతిలో బడి మానేసినదాన్ని, తప్పులుంటే ఉంటాయి. చదివేది నేనే కదా.

ఈరోజు ఆయన గిద్దలూరు దుకాణం నుంచి వచ్చి పరుగులాంటి నడకతో ఇంట్లోకి దూరారు. పశువుల దాణా బాగా అమ్మిన దుకాణందారులను కంపెనీ వాళ్ళు భార్యలతో సహా విమానంలో తీసుకుపోతారట. మంచు కొండల దేశానికి. అక్కడ నాలుగు రోజులు. ఆ దేశం పేరు ఆయన ఎన్నిసార్లు చెప్పినా నాకు నోరు తిరగలేదు. మా అత్త "మంచు దేశం" అంది. ఇంట్లో అందరికీ అదే ఖాయమైంది.

నాకైతే పోవాలని లేదు.

జనవరి 28

మంచు ముట్టుకుంటే చెయ్యి కాలినట్లు ఉంటుందని కావ్య చెప్పింది. మా ఆడబిడ్డ డిగ్రీ చదువుతోంది, అబద్ధం చెప్పదు. ఫ్రిజ్ పై అరలో వేలు పెట్టి చూశాను. కాలలేదు. అతుక్కుంది. నీళ్ళు పోసి లాక్కున్నాను. ఎవరూ చూడలేదు.

ఫిబ్రవరి 3

మార్కాపురం పోయి వచ్చాం. అక్కడ పాల్ రాజు అన్నకు నెట్ సెంటర్ ఉంది. వీసా కాగితాలన్నీ అతనే చూస్తాడు. ముందు ఫోటో అన్నాడు. రెండు చెవులూ కనపడాలట, నవ్వకూడదట. నవ్వకుండా ఉండటం నాకేం కష్టం కాదు. తల ఎత్తడమే కాలేదు.

"చెల్లెమ్మా, గడ్డం పైకి."

ఎత్తాను.

"అది కాదమ్మా, ఇంకా నేలనే చూస్తాండావు."

ఆయన విసుక్కున్నారు. పాల్ రాజు అన్న విసుక్కోలేదు. "అయ్యో, పైన బల్లి!" అన్నాడు. నేను తల ఎత్తాను. ఫోటో తీసేశాడు.

ఫోటోలో నా కళ్ళు గుడ్లగూబ కళ్ళలా ఉన్నాయి. పాల్ రాజు అన్న మాత్రం "ఇదే బాగుంది. దేశం దాటి పారిపోయే మొహం కాదిది" అన్నాడు.

ఇంటికి వచ్చాక అత్త అడిగింది, "వీసా అంటే ఏంది పెద్దోడా?" అని.

"వాళ్ళ గడప కాడ నిలబెట్టి నువ్వెవరు, ఎవరితో వచ్చినావు, ఎప్పుడు పోతావు అని అడుగుతారమ్మా. సరిగ్గా చెప్తే లోపలికి రానిస్తారు."

కావ్య పకపకా నవ్వింది. "అయితే వదినకు రాదులే! మన ఇంట్లోకే వీసా లేకుండా వచ్చింది."

నిజమే. పోయిన వైశాఖంలో పెళ్ళై ఈ ఇంటికి వచ్చినప్పుడు కావ్య గడప దగ్గర చేతులు అడ్డం పెట్టింది. ఆడబిడ్డ కదా, ఆ హక్కు ఆమెది. "నేనూ ఫలానా వచ్చినాం" అని మొగుడి పేరు చెప్తేనే దారి వదులుతారు. ఊరంతా చుట్టూ నిలబడింది. నా నోరు పెగల్లేదు. మొగుడి పేరు పలికితే ఆయనకు ఆయుష్షు తగ్గుతుందని మా అవ్వ చెప్పేది. అది ఒకటి. సిగ్గు ఒకటి. "చెప్పమ్మా, చెప్పు తల్లీ" అని అందరూ అంటూనే ఉన్నారు, నేను నా కాలి మెట్టెలు చూసుకుంటూనే ఉన్నాను. పొద్దు గూకింది. పెళ్ళని గొర్రెలు పస్తుండవు కదా, మేతకు పోయిన మంద తిరిగి వచ్చింది. దొడ్డికి దారి మా వాకిట్లో నుంచే. వెనక నుంచి ఒక్క తోపు తోశాయి. కావ్య ఒక పక్క పడింది, ఆయన ఒక పక్క పడ్డారు, నేను గొర్రెల మధ్యలో లోపలికి వెళ్ళిపోయాను. ముందు కుడికాలు పెట్టానో ఎడమకాలు పెట్టానో ఇప్పటికీ తెలియదు.

అప్పటి నుంచి పేరు చెప్పలేదు. ఇక్కడ కూడా రాయను.

ఫిబ్రవరి 10

పాల్ రాజు అన్న ఇంకో మాట చెప్పాడట. కాగితాలు ఇచ్చాక ఆ దేశం ఆఫీసు వాళ్ళు ఫోన్ చేసినా చేస్తారు, ఇద్దరినీ విడివిడిగా అడుగుతారు, తడబడితే వీసా రాదు అని.

అందుకని కావ్య నాకు పాఠం మొదలుపెట్టింది. అత్త కళ్ళజోడు తను పెట్టుకుని, ఆఫీసు మనిషిలా వంటింటి కిటికీకి అవతల నిలబడింది. నేను ఇవతల.

"పేరు?"

"మల్లి."

"ఎందుకు వస్తాండారు?"

"మంచు చూసేదానికి."

"ఎవరితో?"

"మా ఆయనతో."

"ఆయన పేరు?"

చట్నీ రోట్లో ఉంది. అది నూరడం మొదలుపెట్టాను.

"వీసా లేదు. పో" అని కావ్య కిటికీ తలుపు మూసేసింది.

అత్త నా వైపే మాట్లాడింది. "దాని మీద పడతావేందే? మీ నాయన పేరు నేనింత వరకు పలికినానా? ఓటు కార్డు వాళ్ళు అడిగితే మనిషినే పిలిచి ముందర నిలబెట్టినాను."

"ఫోన్లో మనిషిని ఎట్ల నిలబెడతావమ్మా?" అంది కావ్య.

పోతే పోయింది. నాకేం ఆశ లేదు.

ఫిబ్రవరి 16

నల్లమచ్చ గొర్రె ఈని చచ్చిపోయింది. పిల్ల బతికింది. మామూలుగా ఇలాంటప్పుడు మామ ఒక పని చేస్తాడు. పిల్ల చచ్చిన తల్లి మందలో ఉంటే, ఆ చచ్చిన పిల్ల తోలు తీసి ఈ పిల్లకు కప్పుతాడు. తల్లి వాసన చూసి తన బిడ్డే అనుకుని పాలిస్తుంది. రెండు రోజులకు తోలు తీసేసినా ఏమీ అనదు. ఈసారి అలాంటి తల్లి దొరకలేదు. సీసాతో బర్రెపాలు పట్టాలి.

ఆయన పడితే ఉమ్మేసింది. మామ పడితే తన్నింది. నా ఒళ్ళో సీసా ఖాళీ చేసి నిద్రపోయింది.

ఫిబ్రవరి 24

హైదరాబాదు పోయి వచ్చాం. రైల్లో నడుము పట్టేసింది.

వీసా ఆఫీసులో అద్దం వెనక ఒక అమ్మాయి. వేలిముద్రలు తీసుకునే మిషను నా వేళ్ళను ఒప్పుకోలేదు. ప్రయాణం అని అత్త గోరింటాకు పెట్టింది మరి. తుడిచి, మళ్ళీ తుడిచి, ఆ అమ్మాయి తన రుమాలు కూడా ఇచ్చింది. చివరికి ఒప్పుకుంది.

"భర్త పేరు?"

పక్కనే ఉన్నారు కదా, ఆయన వైపు వేలు చూపించాను.

"పేరు చెప్పండి మేడమ్."

కాగితంలో ఉంది కదా, కాగితం వైపు చూపించాను. ఆ అమ్మాయి తనే చదువుకుని నవ్వింది.

తిరిగి వచ్చేటప్పుడు కంభం దాకా ఆయన కాగితాలే సర్దుకున్నారు. తర్వాత అన్నారు, "మల్లీ, ఫోన్లో వేలు కనపడదు."

ఆయనకు ఈ ప్రయాణం అంటే ప్రాణం. ఏడాదంతా మోటారు సైకిల్ మీద దాణా మూటలు వేసుకుని అర్ధవీడు పల్లెలన్నీ తిరిగారు. నా నోటి వల్ల అది పోతే నేను ఏ మొహం పెట్టుకుని ఈ ఇంట్లో ఉంటాను? వచ్చిందే గొర్రెల్లో కలిసి.

మార్చి 2

కొత్త నంబరు నుంచి ఫోన్ వచ్చింది. ఇంట్లో ఎవరూ లేరు. ఇదే అనుకున్నాను. కళ్ళు మూసుకున్నాను. కావ్య నేర్పిందంతా ఒక్క ఊపిరిలో చెప్పేశాను.

"నమస్కారం. నా పేరు మల్లి. మాది గిద్దలూరు దగ్గర పల్లె. మంచు చూసేదానికి వస్తాండాం. మీ దేశంలో పనులేమీ అడగం. ఊరగాయ మేమే తెచ్చుకుంటాం. చూసి తిరిగొచ్చేస్తాం."

అటు వైపు ఒక ఆడపిల్ల గొంతు.

"మేడమ్... మీకు పర్సనల్ లోన్ ఏమైనా కావాలా?"

"అప్పు చేసి రావడం లేదమ్మా. అంతా కంపెనీ ఖర్చే."

"ఎక్కడికి మేడమ్?"

"మీ దేశానికే."

"మాది నరసరావుపేట మేడమ్."

ఇది వాళ్ళ ఫోను కాదు. పెట్టేయబోయాను. ఆ పిల్లే, "మంచి జరగాలి మేడమ్. బాగా ఫోటోలు తీసుకోండి" అంది.

ఇది కావ్యకు చెప్పను. ఒకటి మాత్రం ఉంది. ముక్కూ మొహం తెలియని మనిషితో ఇన్ని మాటలు నేను ఎప్పుడూ మాట్లాడలేదు. తర్వాత ఒంటికి తేలిగ్గా అనిపించింది.

మార్చి 5

ఆయనకు ఫోన్ వచ్చింది! దుకాణంలో ఉండగా వచ్చిందట. తెలుగు తెలిసిన ఆమే మాట్లాడిందట. ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చుని అందరికీ చెప్పారు.

"ఎన్ని రోజులుంటారు అనింది. మీరెన్ని రోజులుండమంటే అన్ని రోజులుంటాం మేడమ్ అన్నాను."

"మంచి మాట అన్నావు పెద్దోడా" అంది అత్త.

"తిరిగి రావల్ల గదా, ఇక్కడ మీకేమీ పనులు లేవా అనింది. మాదేముందిలే మేడమ్, మీరు పిలిచినదానికంటే ఎక్కువా అన్నాను."

మామ తల ఊపాడు. "అట్లనే మాట్లాడల్ల. పిలిచినోళ్ళ మనసు నొప్పించగూడదు."

చుట్టాలింటికి పోతే, ఎన్నాళ్ళుంటారు అని వాళ్ళు అడిగితే, రేపే పోతాం అని ఎవరంటారు? మీ కూడు మాకు సహించలేదు అన్నట్లు ఉండదూ? ఆయనకు మర్యాద బాగా తెలుసు. నాకే ఏమీ రాదు.

మార్చి 6

వచ్చింది.

దొడ్లో గొర్రెపిల్లకు పాలు పడుతున్నాను. ఫోన్ మోగింది. పిల్ల నోట్లోంచి సీసా తీసి ఫోన్ ఎత్తాను. నెమ్మదిగా మాట్లాడే ఆడమనిషి. నా పేరు అడిగింది, చెప్పాను. ఊరు అడిగింది, చెప్పాను.

"ఎవరితో వెళ్తున్నారమ్మా?"

"మా ఆయనతో."

"ఆయన పేరు?"

నేను వేలు చూపించాను. ఆయన లేరు, కాగితం లేదు. దొడ్డి గోడకు చూపించాను.

"హలో? లైన్లో ఉన్నారా?"

గోడకే చూపిస్తూ నిలబడ్డాను. ఆమె పెట్టేస్తుందని తెలుస్తోంది. ఏడాది మూటలు మోసిన మనిషి కళ్ళ ముందు కనపడుతున్నాడు. అప్పుడు పాలు ఆపానన్న కోపంతో గొర్రెపిల్ల వెనక నుంచి వచ్చి నా మోకాలి మడత మీద ఒక్క పోటు పొడిచింది. ముందుకు తూలాను. తూలుతూనే నోట్లోంచి వచ్చేసింది.

"నేనూ శ్రీహరీ వచ్చినాం. తలుపు తీయండి!"

పోయిన వైశాఖం నుంచి గొంతులో ఉన్న మాట అది. అలాగే వచ్చేసింది.

ఆమె నవ్వింది. ఆఫీసు వాళ్ళు కూడా నవ్వుతారు. "ఎన్ని రోజులుంటారు?"

"నాలుగు రోజులే. ఐదో రోజు ఉండమన్నా ఉండను."

"ఎందుకని?"

కావ్య నేర్పిన జవాబు ఒకటుంది. గుర్తుకు రాలేదు. "ఇది నా చేత్తో తప్ప తాగదమ్మా. వినండి" అని ఫోన్ గొర్రెపిల్ల మూతి దగ్గర పెట్టాను. అది ఆకలి మీద ఉంది. చాలాసేపు మాట్లాడింది.

ఆమె "సరేనమ్మా" అని పెట్టేసింది.

ఇప్పుడు చూసుకుంటే ఇక్కడ కూడా పేరు రాసేశాను. పెన్నుతో రాశాను, చెరగదు. ఆయన చేసిన మర్యాదంతా నేను చెడగొట్టాను. ఉండమన్నా ఉండను అని ఎవరైనా అంటారా?

మార్చి 15

పాల్ రాజు అన్న ఫోన్ చేశాడు. స్పీకర్లో పెట్టారు.

"చెల్లెమ్మకు వచ్చింది."

అందరూ అరిచారు. ఆయన నన్ను చూసి నవ్వారు.

"అన్నకు రాలేదు."

ఆయన ఫోన్ చేతిలోకి తీసుకున్నారు.

"తిరిగొస్తాడన్న నమ్మకం కలగలేదని రాసినారన్నా. ఏం మాట్లాడినావు?"

"మర్యాదగా మాట్లాడినా!"

"ఆడ మర్యాద వేరే ఉంటాదిలే అన్నా" అన్నాడు పాల్ రాజు అన్న, చాలా బాధగా.

నేను దోషిలా నిలబడి అత్తకు నిజం చెప్పాను. పేరు పలికానని. అత్త వేళ్ళ మీద ఏదో లెక్క వేసింది. తర్వాత గుండెల మీద చెయ్యి వేసుకుంది. "మొగుడి పేరు పలికితే ఆయుష్షు తగ్గుతాదంటారు. ఆయుష్షుకు బదులు వీసా పోయింది. దేవుడు మనవైపే ఉన్నాడు."

మార్చి 16

ఆయన దుకాణం తెరవలేదు.

మార్చి 17

నాకైతే పోవాలని ఎప్పుడూ లేదు. ఇప్పుడూ లేదు. కొత్త స్వెట్టరు పెట్టె అడుగున పెట్టేశాను.

మార్చి 18

బొద్దింకలు కొడతాయేమోనని స్వెట్టరు తీసి ఎండలో వేశాను. సరిపోతుందో లేదో ఒకసారి వేసుకుని చూశాను. మామ చూసి, "జ్వరమా తల్లీ?" అన్నాడు. బయట ఎండకు కాకులు నోళ్ళు తెరిచి ఉన్నాయి.

మార్చి 20

అన్నం తింటూ ఆయన అడిగారు. "దొనకొండ దుకాణం లక్ష్మీనరసయ్య పోతాండాడు, వాళ్ళావిడ స్వర్ణలత కూడా పోతాంది. నిన్ను వాళ్ళ బిడ్డ మాదిరి చూసుకుంటామన్నారు. నీకు పోవాలని ఉందా మల్లీ?"

లేదు అనడానికే నోరు తెరిచాను.

"ఉంది" అన్నాను.

కావ్య చేతిలోని ముద్ద ఆగిపోయింది. నేను ఆయన కంచంలో మజ్జిగ పోశాను. అది కలుపుకుంటూ ఆయన అన్నారు. "ఇద్దరం అనుకున్న పని. ఒక్కరన్నా చూసి రావల్ల. లేకుంటే నేను మోసిన మూటలకు అర్థమేముంది?"

తర్వాత ఇంకొకటి కలిపారు. "కొంచెం మంచు తీసుకురా."

"కరగదా?" అన్నాను.

"సీసాలో తే."

"గొర్రెపిల్ల సంగతేంది?" అంది కావ్య.

"అది నేను చూసుకుంటా" అన్నాడు మామ. ఎలాగో చెప్పలేదు.

ఏప్రిల్ 3

రేపు ప్రయాణం. నా ఆకుపచ్చ చీర ఇంట్లో వదిలిపెట్టి పొమ్మన్నాడట మామ. అత్త వచ్చి చెప్పింది. సరే, ఉతికి ఆరేసి పోతానన్నాను. "ఉతకొద్దు, ఉతకొద్దు" అంది కంగారుగా. కట్టి విప్పిన చీర ఉతకకుండా ఊరికి పోయే కోడల్ని నేనెక్కడా చూడలేదు.

ఏప్రిల్ 6

మంచు.

ఏప్రిల్ 7

నిన్న చేతులు గడ్డకట్టి రాయలేదు. తాడు మీద వేలాడే బండిలో కొండ పైకి తీసుకుపోయారు. ముట్టుకుంటే నిజంగానే కాలినట్లు ఉంది. కావ్య అబద్ధం చెప్పలేదు. ఫ్రిజ్‌దే తప్పు.

స్వర్ణలత అక్క, "ఇక్కడ అరిస్తే ఎదురు కొండ మళ్ళీ మనకే అరుస్తాదంట" అంది. లక్ష్మీనరసయ్య బావ ముందుకు పోయి దాణా కంపెనీ పేరు అరిచాడు. "ఛీ, ఇక్కడ కూడా వ్యాపారమేనా?" అని అక్క తన బిడ్డల పేర్లు అరిచింది. అందరూ అరిచారు. నేను ఎవరూ లేని వైపు పోయి అరిచాను.

కొండ కూడా ఆ పేరే పలికింది. ఆగి మళ్ళీ పలికింది. ఆయుష్షు తగ్గే మాటే అయితే అంత పాత కొండ పలుకుతుందా?

ఇంకో రెండుసార్లు అరిచాను.

ఏప్రిల్ 10

ఇల్లు చేరాను.

స్టేషనుకు కావ్య ఒక్కతే ఆటో తీసుకుని వచ్చింది. ఆయన ఎందుకు రాలేదంటే, "అన్నకు పనుంది" అని నవ్వు ఆపుకుంటూ చెప్పింది. ఇంటి ముందు ఆటో ఆగగానే దూకి పరుగెత్తి, మూసి ఉన్న తలుపు ముందు చేతులు అడ్డం పెట్టి నిలబడింది.

"ఆ దేశం వాళ్ళకు చెప్పినావంట. ఆడ చెప్పింది ఈడ చెల్లదు. గొర్రెలు మేతకు పోయినాయి, ఈసారి తోసేవాళ్ళు లేరు. చెప్పు వదినా."

అత్త చేటలో కందులు చెరుగుతూ చూస్తోంది. పక్కింటి వాళ్ళు వచ్చేశారు. నేను మెట్టెల వైపు చూశాను. తర్వాత తల ఎత్తాను. బల్లి ఏమీ లేదు.

నేనూ ఆయనా వచ్చినాం అనడానికి లేదు. ఆయన లోపలే ఉన్నారు. అందుకని కొండ మీద అరిచినట్లే అరిచాను.

"శ్రీహరీ! నేనొచ్చినా! తలుపు తీయి!"

అత్త చేతిలో చేట పడిపోయింది. వాకిలంతా కందులు. కావ్య చేతులు వాటంతట అవే కిందికి దిగాయి.

తలుపు తెరుచుకుంది. ఆయన నా ఆకుపచ్చ చీర లుంగీ మీద చుట్టుకుని, తల మీద కొంగు కప్పుకుని, చేతిలో పాలసీసాతో నిలబడి ఉన్నారు. గొర్రెపిల్ల ఆ కుచ్చిళ్ళలో మూతి పెట్టి ఉంది.

"నవ్వొద్దు" అన్నారు. "నాయన చెప్పినాడు. తల్లి మాదిరి వాసన రావల్లంట. మొదటి పూట తాగలేదు. కొంగు కప్పుకున్నాకే తాగింది."

నేను నవ్వాను. పక్కింటి వాళ్ళ ముందు, పళ్ళు కనపడేలా. కూర్చుని చేతులు చాపి పిలిచాను. గొర్రెపిల్ల నన్ను చూసింది, ఆయన్ను చూసింది, నా స్వెట్టరు వాసన చూసి తుమ్మింది. ఆయన దగ్గరికే పోయింది.

ఆఫీసు ఆమెకు నేను చెప్పిన కారణం ఇక చెల్లదు. ఆయనకు మాత్రం మొహం వెలిగిపోయింది.

"చూసినావా మల్లీ? నాకూ తిరిగి వచ్చేదానికి కారణం దొరికింది. మళ్ళా వీసాకు పెడతా. ఈసారి ఫోనొస్తే నేను మాట్లాడను, దీనితోనే మాట్లాడిస్తా."

సీసాలో తెచ్చిన మంచు ఇచ్చాను. నీళ్ళైపోయింది. ఆయన తులసి తీర్థంలా అందరి చేతుల్లో కొంచెం కొంచెం పోశారు.

ఆయనకు వీసా వచ్చి పోతే ఆ నాలుగు రోజులూ దీనికి పాలు ఎవరు పట్టాలి? ఆయన విప్పిన లుంగీ ఒకటి ఉతకకుండా దాచిపెట్టాను.